హనన్యా రాగం, రెండేండ్ల తాళం

ఇగో బిడ్డా, ముందుగాలనే చెప్తున్న, నాకు కొత్తదేదీ నచ్చది. కొత్త చెప్పులు నచ్చయి. కొత్త జిల్లాలు సుత నచ్చలె. 2016ల మా సారంగాపూర్‌ను కరీంనగర్‌కెల్లి తీసి జగిత్యాల జిల్లాల కలిపిన్రు. ఆఫీసులన్నీ దగ్గరికొచ్చినయి, నిజమే, గని పనున్నదని ఇంట్ల చెప్పి బస్సెక్కి కరీంనగర్ పోయి, హోటల్ల కూసోని చాయ తాగొచ్చే సాకు పాయె. గసొంటోన్ని నేను. గుళ్లె మీరు పాడే కొత్త పాటలు నాకు నచ్చలేదంటే, అది పాటల తప్పో నా చెవుల తప్పో మీరే తేల్చుకోండ్రి. చెవులు పక్కకు పెట్టినా కండ్లున్నయి గదా. మీ పాటను కాయిదం మీద రాసి కండ్లతోని సదివితే ఇంకింత కోపమస్తున్నది.

మా రోజులల్ల పాటలకు ఒక పుస్తకముండె, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. పాట నెత్తి మీద రాగమేందో తాళమేందో అచ్చేసి ఉండేది. పురుషోత్తమ చౌదరి అని 1803ల పుట్టి 1890 దాకా బతికిన పెద్దమనిషి, బ్రాహ్మణ కుటుంబంల పుట్టి, శాస్త్రాలు సదివి, క్రీస్తును నమ్ముకున్నోడు. ఆ పుస్తకంలున్న ఆయన పాట గంజాం దిక్కుకెల్లి బయలెల్లి, ఎన్ని ఊర్లు తిరిగిందో, ఎందరి నోర్లల్ల నానిందో, ఆఖరుకు మా ఉపదేశి సైకిల్ హాండిల్‌కు యాలాడే సంచిల కూసోని మా ఊరికచ్చింది. రానీకె ఆలస్యమైంది గని వచ్చినంక కదల్లేదు. మీ పాట ఈ ఆదివారం వస్తది, వచ్చే నెలకు పాతగైతది, పండుగకు ఎవ్వడూ యాది చెయ్యడు.

గప్పట్ల కూటమంటే కందిలి కింద కూటం. సదువొచ్చినోళ్లు తక్కువ, పుస్తకం ఒక్కటే. ఉపదేశి ఒక పాదం సదివి చెప్పాలె, మేం దాన్ని పట్టుకొని పాడాలె, మళ్ల ఆయన ఇంకో పాదం అందియ్యాలె. పాట ముందు చెవులకు మాటలెక్కనే పడుతుండె, తర్వాతనే రాగం. గందుకే తెల్లారి మా అవ్వ బీడీల చాట ఒళ్లె పెట్టుకొని, తునికాకు కత్తిరించుకుంట, దారం సుట్టుకుంట అదే పాట పాడుతుంటె ఒక్క మాట సుత తప్పకపోతుండె. కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు ఎన్ని గడపలల్ల గిట్లనే బీడీలతోని పాటలు నడిచినయో. గిప్పుడు కరెంటు పోతె మీ పాట ఆగిపోతది. ట్రాకు లేందే గొంతు లేవది. పోయిన ఏడు మా గుళ్లె ఆరాధన నడుమల కరెంటు పోయింది. నలుగురు పోరగాండ్లు మైకులు పట్టుకొని గోడకు నిలవెట్టిన బొమ్మలోలె నిలవడ్డరు. నేను ఎనకకెల్లి పాత పాటొకటి ఎత్తుకున్న. ముసలమ్మలందరు అందుకున్నరు. ఆ సంతోషం ఇంకా తగ్గలేదు నాకు, దేవుడు క్షమించాలె.

హార్మోని ఉండాలె, తబలా ఉండాలె, తాళాలుండాలె, గదే మన సంగీతమని నేనంటె, మా మనుమడు, ఇంజనీరింగ్ సదివి గుళ్లె కీబోర్డు వాయించేటోడు, ఫోన్ల సూసి, "తాతా, హార్మోనిని పారిస్‌ల 1842ల పేటెంట్ చేసిన్రంట, అది సుత ఫారిన్‌దే" అన్నడు. వానికి నేనేం తక్కువా? జగిత్యాల ఖిల్లాను ఫ్రెంచి ఇంజనీర్లు కట్టిన్రని చెప్పుకుంటరు గద, దాన్ని ఎవడన్న పరాయి దేశపు కోట అంటున్నడా, ఎండకు వానకు ఇన్నేండ్లు నిలవడ్డంక అది మనదే అన్న. "గయితె నా కీబోర్డు సుత ఇన్నేండ్లు నిలవడనియ్యి" అన్నడు. గీ తరానికి జవాబు చెప్పుడు తప్ప ఇంకోటి రాదు.

అసలు ముచ్చటకస్త. శనివారం పొద్దుగూకినంక మీ ప్రాక్టీసు ఉంటది. నేను పొడుగు నోటుబుక్కు, పెన్సిలు పట్టుకొని పోయి ఎనక కూసుంట. మీరు పాడుతుంటె మాటలు రాసుకుంట. ఇంటికొచ్చి రాగం తీసేసి, దరువు తీసేసి, ఉత్త మాటలను బైబిలు పక్కన పెట్టి సదువుత. గిది నా కనిపెట్టుడు గాదు. అపొస్తలుల కార్యాల 17వ అధ్యాయంల బెరయ ఊరోళ్లున్నరు, పౌలంతటోడు వచ్చి బోధ చేస్తె, విన్నరు సంతోషంగ, గని దినాం లేఖనాలు తీసి గది నిజమేనా అని చూసుకున్నరు. పౌలుకే తప్పలేదు పరీక్ష. మీ గిటారాయనకు తప్పుతదా?

మొదట్ల నా పరీక్ష సులువుగుండె. పాటల దేవుని పేరెన్ని మార్లున్నది, "నేను, నాకు, నా" ఎన్ని మార్లున్నది లెక్కవెట్టుడు. నాకు, నా ఇల్లు, నా కల, నా గెలుపు, నా ముందు తలుపు. దేవుడు తలుపు తీసేటోడే, ఇంకేం లేదు. గీ లెక్క మనుమని ముందు వెట్టిన. వాడు 23వ కీర్తన తీసి నా ముందట వెట్టిండు. గొర్రెల కాపరి కాడికెల్లి గిన్నె నిండి పొర్లే దాకా అంతటా నాకు, నన్ను, నా. పోనీ, ఒక్కటే మాట తిప్పి తిప్పి పాడుతరేందిరా అంటె, 136వ కీర్తన తీసిండు. 26 వచనాలు, ప్రతి వచనం చివర ఒక్కటే పల్లవి. ఈ రెండు లెక్కలల్ల వాడే గెలిచిండనుకో. గని 23వ కీర్తనల "నా" అనేటోడు చావు నీడున్న లోయల నడుస్తున్నడు, శత్రువుల ముందట కూసోని బువ్వ తింటున్నడు. మీ పాటలల్ల "నా" అనేటోడు లోయలకు దిగనే దిగడు, మిద్దెల మీదనే తిరుగుతడు. గది చెప్పిన. మనుమడు కీబోర్డు మీద ఏదో సప్పుడు చేసిండు, ఒప్పుకున్నడో లేదో తెల్వలే.

ఇగ యిర్మీయా ముచ్చట. జనవరి 1 అర్ధరాత్రి ఆరాధనల ఏడాది వాగ్దానం కార్డుల మీద పంచుతరు సూడు, ఏ గుళ్లె సూసినా యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం ఎవని చేతులనో ఒకని చేతుల పడతది. దేవుడు మీ గురించి అనుకున్నది మేలే తప్ప కీడు గాదు, మీకు ముందట ఆశ ఉన్నదనే వచనం. దాని మీద కట్టిన పాటలు లెక్కకు రావు. మంచి వచనం, కాదంటలేను. గని పైన 10వ వచనం ఎవడన్న పాడిండా? 70 ఏండ్లని ఉన్నదాండ్ల! నెబుకద్నెజరు చెరపట్టి బబులోనుకు తీసుకపోయినోళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరమది. ఇండ్లు కట్టుకోండ్రి, తోటలు పెట్టుకోండ్రి, పిల్లల పెండ్లిండ్లు చేసుకోండ్రి, మీరున్న ఆ పరాయి పట్నం క్షేమం కోసం దేవున్ని అడుగుండ్రి, ఇప్పట్ల ఇంటికి పోయేది లేదని రాసిండు. ఉత్తరం సదివిన పెద్దమనుషులంత ఆడనే మట్టిల కలుస్తరు. ఆ వాగ్దానం తాతకు గాదు బిడ్డా, మనుమనికి.

దానికి ముందటి అధ్యాయం, 28వది, దాన్ని మా జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ప్రతి గుళ్లె ఏడాదికోపారి సదవాలంట నేను. ఆండ్ల హనన్యా అని ఇంకో ప్రవక్త వస్తడు. యిర్మీయా చెరకు గుర్తుగ మెడల కాడి ఏసుకొని తిరుగుతుంటె, హనన్యా గుళ్లె అందరి ముందట నిలవడి, రెండేండ్లే, రెండేండ్లల్ల అంతా మర్లొస్తది, గుడి సామానొస్తది, రాజొస్తడు, చెరవోయినోళ్లొస్తరని చెప్తడు. ఆ మాటకు జనం ఎట్ల సంబురపడి ఉంటరో సోంచాయించు. ఇంకో సంగతి, యిర్మీయా కోపానికి రాలే. ఆమేన్ అన్నడు ముందుగాల! దేవుడు గట్లనే చేస్తె మంచిదన్నడు. ఆయనకు మాత్రం ఇంటి మీద పాణం లేదా? గని హనన్యా కాడి ఇరగ్గొట్టినంక, దేవుడు యిర్మీయాతోని కొయ్య కాడి పోయింది, ఇప్పుడు ఇనుప కాడి వస్తదని చెప్పిచ్చిండు. హనన్యా అదే ఏడాది ఏడో నెలల సచ్చిపోయిండు.

రెండేండ్లంటె మా దిక్కు తెల్వనోడెవ్వడు? వీసా రెండేండ్లది. దుబాయికో, మస్కట్‌కో పోయేటోడు ఏజెంటుకు మిత్తికి తెచ్చిన పైసలిచ్చి, రెండేండ్లల్ల అప్పు తీరుస్త, ఇల్లు కడ్త, చెల్లె పెండ్లి చేస్తనని చెప్పి బస్సెక్కుతడు. ఆడికి పోయినంక తెలుస్తది, మొదటి రెండేండ్లు వీసా అప్పుకే చాలయని. మళ్ల రెండేండ్లు, మళ్ల రెండేండ్లు. బిడ్డ పుట్టినప్పుడు పోయినోడు బిడ్డ బడికి పోయేటప్పుడు ఒకపారి వచ్చి సూసి పోతడు. గసొంటోని అవ్వ గుళ్లె ముందు వరుసల కూసుంటది. ఆమెకు మీరు హనన్యా పాట పాడుతున్రు. ఈ ఏడే, ఈ నెలే, రేపే నీ సంకెళ్లు తెగుతయని. చేతులెత్తి ఏడ్సుకుంట పాడుతదామె. వచ్చే ఏడు మళ్ల గదే కార్డు, గదే పాట. ఆమెకు కావలసింది యిర్మీయా రాసిన ఉత్తరం. ఆలస్యమైతది, తోట పెట్టుకో, నేనైతె మర్చిపోలేనని చెప్పిన దేవుని పాట. గసొంటి పాటకు దరువు కుదరదంటరా? మరి దరువు మార్చుండ్రి!

ఇంకోటి. తల చేస్త గని తోక చెయ్యనని వాగ్దానం, ద్వితీయోపదేశకాండం 28ల ఉన్నది. పాటలల్ల మస్తు వినవడ్తది. ఆ అధ్యాయంల 68 వచనాలున్నయి. మొదటి 14 ఆశీర్వాదాలు, మిగిలిన 54 మాట ఇనకపోతె వచ్చే శాపాలు. పాటగాండ్లు ఆ 14 దాటి ఒక్క అడుగు పెట్టరు. మొదటి వచనంల "వింటె" అనే షరతుంటది, అది సుత ఇడిసిపెడ్తరు. ఆజ్ఞ లేని, పశ్చాత్తాపం లేని పాట చింతపండు ఎయ్యని పచ్చిపులుసు లెక్కుంటదంటె, మా కోడలు, "మామయ్యా, మీరు పాటల ముచ్చట చెప్తున్రా, పొద్దటి పులుసుకు వంక పెడ్తున్రా" అన్నది. రెండూ అని చెప్పిన.

అగ్ని పంపు, అగ్ని దింపు అనే పాటల గురించి ఎక్కువ మాట్లాడ. బాప్తిస్మమిచ్చు యోహాను అగ్ని గురించి చెప్పిన ఆ సోట, పక్కనే చేట ఉన్నది, కల్లముంది, గింజలు కొట్టంలకు పోతయి, పొల్లు మంటలకు పోతది. కల్లం కాడ గాలికి ఎదురు నిలవడి వడ్లు తూర్పారవట్టిన మా అసొంటోళ్లకు గది ఎరుకే. మిషను వచ్చి వడ్లు కోసి సంచుల నింపి పోయే కాలంల పుట్టిన మీకు పొల్లంటె ఏందో తెల్వది, గందుకే అగ్ని అగ్ని అని ఎగురుతున్రు. మనుమడు పెంతెకొస్తు నాడు నాలుకల లెక్క దిగిన అగ్ని గురించి చెప్పిండు. అవురా, అదీ ఉన్నది, గని ఎగిరేటోడు రెండిట్ల ఏ అగ్నిని అడుగుతున్నడో ముందు తెల్సుకోని ఎగరాలె గదా.

నాకు అన్నిటికన్న కోపం తెప్పిచ్చేది, మీ కాడ ఏడ్సేటందుకు పాట లేకపోవుడు. 150 కీర్తనలల్ల మొర పెట్టుకునేటివే ఎక్కువ. 88వ కీర్తన సూడు, హేమాను అనేటాయనది, మొదటికెల్లి ఆఖరు దాకా కష్టమే, చివరికి సుత ఎలుగు రాదు, చీకటితోనే అయిపోతది. దాన్ని బైబిలుకెల్లి ఎవ్వరు తీసెయ్యలే. మీ పాట ఎట్లుంటదంటె, మొదటి చరణంల కన్నీళ్లు, రెండో చరణంల పోయినయి, మూడో చరణంల చప్పట్లు. నాలుగు నిమిషాలల్ల దుఃఖం సాఫ్! సిరిసిల్లల సాంచాలు బందువడి, అప్పులకు తాళలేక పాణాలు తీసుకున్నోళ్ల ఇండ్లల్ల కూసోని సూసిన నేను. గల్ఫుకెల్లి పెట్టె వస్తదని హైదరాబాద్ విమానాశ్రయం కాడ రాత్రంత నిలవడ్డోళ్లను సూసిన. ఆ పెట్టె ఊరికచ్చినంక, బొందల గడ్డ కాడ, మీ వర్షిప్ టీమోళ్లు ఫోన్లు గెలుక్కుంట నిలవడతరు. ట్రాకుల ఏ పాటా ఆ టైముకు పనికిరాదు. గప్పుడు నా దిక్కు సూస్తరు. "తాతా, నువ్వే ఏదన్న ఎత్తుకో." ఎత్తుకుంట. ఎత్తుకోకపోతె ఎట్ల? గని ఆదివారం నాడు పనికిరాని ముసలోడు మట్టి కాడ మాత్రం ఎందుకు పనికొస్తున్నడో ఒకపారి సోంచాయించుండ్రి.

ఇంక ప్రేమ పాటలు. నీ కౌగిలి, నీ ఊపిరి, నీ చూపు. పేరు మార్చి సినిమాల పెడితె ఎవ్వనికి అనుమానం రాదు. గిది మీరు కనిపెట్టిన రోగం గాదని తర్వాత తెల్సింది. మా మెతడిస్టు మిషనోళ్లకు మూల పురుషులు వెస్లీ అన్నదమ్ములు. తమ్ముడు చార్లెస్ ఆరు వేలకు మించి పాటలు రాసిండు. ఆండ్ల క్రీస్తును తన ఆత్మకు ప్రియుడని పిలిచే పాట 1740ల అచ్చైంది. అన్న జాన్ 1780ల పెద్ద పాటల పుస్తకం తెచ్చినప్పుడు ఆ పాటను దాంట్ల పెట్టలే. మరీ చనువెక్కువైందని అనుకున్నడంటరు. సొంత తమ్ముని పాటనే! గట్లుండాలె పెద్దరికమంటె. తర్వాత ఆ పాటే లోకమంత తిరిగిందని, అన్న మాట ఎవ్వరు ఇనలేదని మనుమడు చెప్పిండు. అడిగిన్నా వాన్ని?

మా పాత పాటలల్ల మచ్చ లేదా అంటరు మీరు. ఉన్నది. ఆ సంస్కృత సమాసాలు మా వాడల ఎవ్వరికి తెల్సు? మా బాపు ఒక పాటను జీవితమంత పాడిండు, దాంట్ల సగం మాటలకు అర్థం మా ఉపదేశికి సుత తెల్వది. మనసుతోని పాడాలె, అర్థం చేసుకొని పాడాలెనని పౌలు కొరింథీయులకు రాసిండు, ఆ లెక్కన మేం సగం మార్కులకే పాసైనం. అయినా పాటల ఏమున్నదో తెల్వకపోవుడు వేరు, పాటల ఏం లేకపోవుడు వేరు. గిది నా పాయింటు, రాసుకో.

అరుపుల గురించి సుత జాన్ వెస్లీ చెప్పిండు. 1761ల పాటలు ఎట్ల పాడాలెనో నియమాలు రాసి అచ్చేసిండు. దాంట్ల ఒకటి, అణకువతోని పాడాలె, అరవొద్దు, మీ ఒక్కల గొంతే అందరి మీద వినవడాలెనని సూడొద్దని. నేను గది పెద్ద అక్షరాలతోని తెలుగుల రాసిచ్చి, సౌండు బాక్సు మీద అతికిచ్చిన.

అతికిచ్చిన వారానికి మనుమడు ఒక కాయిదం తెచ్చిండు. వాడే పాట కట్టిండంట. సదివిన. పల్లవిల ఉత్తరమచ్చిందని ఉన్నది, మొదటి చరణంల పరాయి పట్నంల తోట పెట్టుడు, రెండో చరణంల 70 ఏండ్లు. చేతులు వణికినయి గని బయట పడనియ్యలే. ఒక మాట కొట్టేసిన, ఒక వచనం నంబరు సరి చేసిన, ఫర్వాలేదన్న. ఫర్వాలేదంటె మా ఇంట్ల మస్తు పెద్ద మాట, మా కోడలునడుగు. ఆదివారం పాడుదమన్నడు. ట్రాకు లేకుంట, హార్మోని మీద, మెల్లగ, మా లెక్క పాడాలె అన్న.

వాడు సౌండు బాక్సు దిక్కు సూపిచ్చిండు. నా కాయిదం పక్కన ఇంకో కాయిదం అతికిచ్చి ఉన్నది. అదే వెస్లీ, అవే నియమాలు, నేను రాయనివి. సగం సచ్చినోళ్ల లెక్క, సగం నిద్రల ఉన్నోళ్ల లెక్క పాడొద్దు, ధైర్యంగ పాడాలె. తాళానికి ముందట ఉరకొద్దు, ఎనక పడొద్దు. సాగదీసి పాడే అలవాటు బద్ధకస్తులకు వస్తది, దాన్ని ఎల్లగొట్టాలె.

పాట మాత్రం హార్మోని మీదనే నడుస్తది, దరువు సంగతి శనివారం తేలుస్తం. ప్రాక్టీసు ఆరింటికి. ఆరంటె ఆరే, మీ లెక్క ఏడింటికి గాదు.